కోరా గుడ్డకు పసుపు

డెకరేషన్ పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు అప్పుడప్పుడు సీతమ్మధారలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, హాల్లో గోడ మీదున్న ఫొటోలన్నీ చూసి, "ఆంటీ, మీరు చేసినవాటిలో బెస్ట్ ఏది?" అని అడుగుతారు. ఓడ ఆకారంలో కట్టిన స్టేజీ గురించో, ఆర్కిడ్ పూలతో కప్పేసిన హాలు గురించో చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివి డబ్బుంటే ఎవరైనా చేస్తారు. నాకు మాత్రం పెళ్ళికూతురి తండ్రి గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగిన ఒక రిసెప్షనే గుర్తొస్తుంది. దుకాణం మూసేసి ఇంట్లో కూర్చున్నాను, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, నోరు మాత్రం ఇంకా బాగానే పనిచేస్తోంది. కాబట్టి ఓపిగ్గా వినండి.

నేను పూలజడలు కుట్టడంతో మొదలుపెట్టినదాన్ని. జడల నుంచి దండలకి, దండల నుంచి మండపాలకి, అక్కణ్ణుంచి రిసెప్షన్ స్టేజీలకి వచ్చాను. అప్పట్లో స్టేజీ అంటే రెండు ఎర్ర వెల్వెట్ కుర్చీలు, వెనక మెరుపు కాగితం, థర్మోకోల్ మీద చెక్కిన పేర్లు. నేను పని మానేసే నాటికి మాటలు మారిపోయాయి. రస్టిక్ అన్నారు, వింటేజ్ అన్నారు. విప్పి చూస్తే అందులో ఏముంది? గోనెపట్టా, గడ్డిమోపు, చేట, లాంతరు, ఎడ్లబండి చక్రం. పెరట్లోంచి బయట పారెయ్యండని మా అమ్మ పోరుపెట్టిన సామానంతా నేను అద్దెకి తెచ్చి ఏసీ హాళ్ళలో అలంకరించాను. జనం దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు.

తమాషా ఏమిటంటే, అదే గోనెపట్టా పల్లెటూళ్ళో కడతానంటే కర్ర పుచ్చుకుంటారు. అక్కడ వాళ్ళకి రంగురంగుల లైట్లు కావాలి, ప్లాస్టిక్ షాండ్లియర్లు కావాలి, పొగ వదిలే మిషను కావాలి. ఊరివాళ్ళకి సిటీ కావాలి, సిటీవాళ్ళకి ఊరు కావాలి. ఆ రెంటికీ మధ్య పరుగెత్తే వ్యాను నాది. ఈ రెండూ ఒకే పెళ్ళిలో నా నెత్తిన పడ్డాయి, అదే ఇప్పుడు చెప్పబోయేది.

పెళ్ళికూతురు తగరపువలస దగ్గర పల్లెలో ఒక రైతుకి ఒక్కగానొక్క కూతురు. సిటీలో కంప్యూటర్ ఉద్యోగం. పెళ్ళికొడుకు అదే ఆఫీసు, వాళ్ళది ఉక్కునగరం, తండ్రి స్టీలు ప్లాంటులో పని. పెళ్ళి అమ్మాయి ఊళ్ళో, వాళ్ళ ఇంటి ముందు. మర్నాటి సాయంత్రం రిసెప్షన్ భీమిలి రోడ్డులో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పచ్చిక మైదానంలో. రెండు చోట్లా డెకరేషన్ మాదే.

మా జట్టులో ముఖ్యులు ఇద్దరు. ఒకాయన పాత ఊరు నుంచి వచ్చే వడ్రంగి. అందరం భాయ్ అంటాం. ఎన్నో ఏళ్ళుగా నా దగ్గర ఉన్నాడు. మేకు కొట్టకుండా చట్రం నిలబెట్టగలడు, నవ్వకుండా జోకు వెయ్యగలడు. రెండో మనిషి డిజైనర్ అమ్మాయి. బెంగళూరులో చదువుకుని మా దుకాణంలో చేరింది. ఇంత బుర్ర ఉన్న పిల్ల నా రేకుల గోడౌనులో ఎందుకు ఉందా అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. నాకు ఆ పిల్లంటే ప్రాణం. ఆ సంగతి దానికి చెప్పకుండా రోజూ తిట్టేదాన్ని.

పెళ్ళికూతురూ, మా డిజైనరూ స్నేహితులైపోయారు. ఇద్దరూ ఫోన్లో తలలు కలిపి ఒక ఫొటో ఎంచారు. ఎక్కడో విదేశంలో తోట. నాలుగు వెదురు గడలు, వాటి మీంచి వేలాడే ముతక తెల్లగుడ్డ, కొబ్బరి తాళ్ళతో కట్లు, ముందు మట్టికుండల్లో ఎండుగడ్డి పూలు. చుట్టూ పాత లాంతర్లు. ఎంత ప్రశాంతంగా ఉందో ఆ బొమ్మ!

"ఒక్క రంగు కూడా కనబడకూడదు ఆంటీ. అంతా ఐవరీ," అంది డిజైనర్.

"బంతిపూలు?"

"అస్సలు వద్దు."

సరే అన్నాను. పెళ్ళి వాళ్ళది, కళ్ళు వాళ్ళవి. పూర్ణా మార్కెట్లో కోరా గుడ్డ తానులు తానులుగా తెప్పించాను. చలవ చెయ్యని పచ్చి నూలు గుడ్డ, గంజి వాసన ఇంకా పోనిది. వెదురు అరకు వైపు నుంచి వచ్చింది. కుండలు కుమ్మరి దగ్గర చెప్పాం. లాంతర్లు, తుప్పు పట్టిన పాల క్యాన్లు, ఒక పాత సైకిలు భాయ్ తిరిగి తిరిగి పోగేశాడు. నా గోడౌను పల్లె పెళ్ళి సామానుతో నిండిపోవడంతో ఈ పాత సరుకంతా ఉక్కునగరంలో పెళ్ళికొడుకు వాళ్ళ క్వార్టర్ పెరట్లో దింపించాను. అక్కడ వచ్చింది మొదటి ముప్పు.

పెళ్ళికొడుకు తండ్రి ప్లాంటులో మెయింటెనెన్స్. సర్వీసంతా తుప్పుతో కుస్తీ పట్టిన మనిషి. మర్నాడు నాకు ఫోన్ చేశాడు.

"మేడమ్, మీకు అద్దెకిచ్చినోడెవడో గాని బాగా మోసం సేసీసాడండి. ఒక్క లాంతరు కూడా సరిగ్గా లేదు, అంతా తుప్పే. మీరేటీ కంగారు పడకండి. నాను సూసుకుంటాను."

నేను, డిజైనర్ ఆటో పట్టుకుని పరుగెత్తాం. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. లాంతర్లన్నీ వైరు బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, పైన వెండి పెయింటు వేసి, బట్టలారేసే తీగకి వరసగా వేలాడదీశాడు. పాల క్యాన్లు అద్దాల్లా ఉన్నాయి. సైకిలు చక్రాల పుల్లలు కూడా వదల్లేదు. ఆయన లుంగీ మీద, మీసం మీద వెండి చుక్కలు.

డిజైనర్ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. "అంకుల్, ఇది రస్టిక్ థీమ్!"

"అదే గదమ్మా నాను సెప్తంది. రస్టు. మొత్తం తీసీసాను," అన్నాడు ఆయన గర్వంగా. "పెల్లికి తుప్పేటమ్మా? పిల్లలు ముట్టుకుంటే టెటనస్."

నాకు నవ్వు ఆగలేదు. ఉక్కునగరంలో ఆ మాటకి ఇంకో అర్థం ఎలా తడుతుంది? భాయ్‌కి చెబితే, "వదిలెయ్ అమ్మా. సముద్రం గాలికి నాలుగు రోజులు బయట పెడితే తుప్పు దానంతటదే వస్తది," అన్నాడు. నాలుగు రోజులు మా దగ్గర లేవు. వెండి లాంతర్లతోనే కానిచ్చేయాలనుకున్నాం. డిజైనర్ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

పల్లెలో పెళ్ళి మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా జరిగింది. వీధి పొడుగునా లైట్లు. పందిట్లో పెద్ద షాండ్లియరు. ఇవన్నీ కోరుకున్నది పెళ్ళికూతురి తండ్రి. మాట తక్కువ, చేతులు పెద్దవి. లైట్లు వెలిగించి చూపిస్తే చాలాసేపు మెడ ఎత్తి చూస్తూ నిలబడ్డాడు.

"మా ఇంటిది ఉండుంటే ఈ లైట్లు సూసి ఊరంతా కేకేసి పిలిసీది," అన్నాడు.

భార్య అంతకు ముందు సంవత్సరం పోయింది. ఏడాది తిరిగాక ఈ పెళ్ళి పెట్టుకున్నారు. కన్యాదానం దంపతులు చేయాలి కాబట్టి పీటల మీద ఆయన తమ్ముడు, మరదలు కూర్చున్నారు. కన్నతండ్రి పందిరి రాట పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మాయి కళ్ళు మాటిమాటికీ ఆ రాట వైపే పోతున్నాయి. నేను పూలు సర్దే నెపంతో అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఎన్ని పెళ్ళిళ్ళు చేసినా ఆ అలవాటు పోలేదు నాకు.

భోజనాల దగ్గర ఆయన నా పక్కకి వచ్చి, నెమ్మదిగా అడిగాడు.

"అమ్మా, రేపు మీ టేజీ మీద పాప పక్కన నాను నిలబడొచ్చా? దానికి జంట అక్కర్లేదు గదా?"

"నిలబడొచ్చా ఏటి అన్నయ్యా, నిలబడాలి. మీకు మధ్యలో చోటుంచుతాను," అన్నాను.

"దానికోసరమే తగరపువలసలో సొక్కా కుట్టించాను," అని, ఎందుకు చెప్పానా అన్నట్టు సిగ్గుపడి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నానికల్లా మైదానంలో పని పూర్తయింది. మీ అందరికీ తెలిసిన నిమిషం ఒకటుంటుంది. నిచ్చెనలు తీసేస్తారు, చెత్త ఊడుస్తారు, నాలుగు అడుగులు వెనక్కి వేసి చూస్తారు. ఆ రోజు చూస్తే అచ్చం ఫొటోనే. పచ్చి వెదుళ్ళ మీంచి కోరా గుడ్డ గాలికి ఊగుతోంది. వెనక సముద్రం. మెట్టు ముందు కుండలు. డిజైనర్ మొహం వెలిగిపోతోంది. నేను దాని వీపు తట్టాను. అలా తట్టడం అదే మొదటిసారి. భాయ్ మాత్రం కొంచెం దూరంగా నిలబడి గడ్డం గోక్కుంటున్నాడు.

"ఏటి భాయ్, ఏదైనా తేడాగా ఉందా?"

"ఏం లేదమ్మా. బాగుంది," అన్నాడు.

పల్లె నుంచి బస్సు ఎండ తగ్గకుండానే వచ్చేసింది. ఊళ్ళోవాళ్ళు పట్టుచీరలతో, పిల్లలతో దిగారు. అందరికంటే ముందు పెళ్ళికూతురి తండ్రి, ఒంటి మీద లేత నీలం కొత్త చొక్కా, ఇస్త్రీ మడతలు ఇంకా తెలుస్తున్నాయి. నవ్వుతూ గేటు దాకా వచ్చాడు. స్టేజీ చూశాడు. ఆగాడు. ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది. వెనక్కి తిరిగి, వచ్చేవాళ్ళని తప్పించుకుంటూ మళ్ళీ బస్సెక్కి కూర్చున్నాడు. వెనకాల జనం గేటు దగ్గరే గుంపుగా నిలిచిపోయారు. ఎవరూ లోపలికి అడుగు పెట్టడం లేదు.

ఆయన చెల్లెలు, అంటే పెళ్ళికూతురి మేనత్త, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఓలప్పా, ఇదేటి ఇలగ సేసారు? పచ్చి వెదుర్లు, కొబ్బరితాడు, కోరా గుడ్డ, ముందర కుండ. ఇది పెల్లోల టేజీయా?"

పెళ్ళిది కాకపోతే మరి దేనిదో ఆవిడ అనలేదు. అనక్కర్లేదు. నేను తల తిప్పి చూశాను. అప్పటిదాకా ఫొటోలాగా కనబడుతున్నది ఒక్కసారిగా పాడెలాగా కనబడింది. వెదురు అదే, తాడు అదే, గుడ్డ అదే, ముందు పట్టుకు నడిచే కుండ కూడా ఉంది. ఇంతమందిమి కలిసి, ఇన్ని రోజులు తిరిగి, పెళ్ళికి కావలసిన సామాను అనుకుంటూ దేనికి కావలసిన సామాను తెచ్చామో అప్పుడు తెలిసింది.

మంచినీళ్ళ సీసా పట్టుకుని బస్సెక్కాను. ఆయన చివరి సీట్లో కిటికీకి అవతలి వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మోకాల్లు నొప్పెడతన్నాయమ్మా. నాను ఇక్కడే కూకుంటాను. మీరు కానియ్యండి," అన్నాడు.

"అన్నయ్యా, మీ చెల్లెలు చెప్పింది."

ఆయన చొక్కా అంచు సవరించుకుంటూ, "మా ఇంటిదానికి ఆ గుడ్డ నానే తెచ్చాను. ఆ గంజి వాసన నా సేతులికి ఇంకా ఉన్నట్టే ఉంటాది. దాని కింద పిల్లని నిలబెట్టి, పక్కన నాను నవ్వుతా నిలబడాలంటే... నా వల్ల కాదమ్మా," అన్నాడు. వెంటనే నా వైపు తిరిగాడు. "పాపకి మాత్రం సెప్పకండి. అది ముచ్చటపడి ఎంచుకుంది. దానికి తట్టలేదు. తట్టకపోడమే మంచిది. నాన్నకి మోకాల్లు నొప్పని సెప్పీయండి."

ఆయనకి కోపం వచ్చి ఉంటే నాకు సులువయ్యేది. కోపంతో వచ్చేవాళ్ళని ఎలా సముదాయించాలో నాకు బాగా తెలుసు. ఈయన కూతురి ముచ్చట చెడకూడదని తన ముచ్చట వదిలేసుకుని బస్సులో కూర్చున్నాడు. ఈ మనిషి ఆ స్టేజీ ఎక్కకపోతే నేను చేసిన పని ఎందుకు అనిపించింది.

దిగి వచ్చి భాయ్‌ని, డిజైనర్‌ని పక్కకి లాగాను. విషయం వినగానే డిజైనర్‌కి ఏడుపొచ్చేసింది.

"నాకు తెలీదు ఆంటీ. తప్పయితే మీరు చెప్తారు కదా అనుకున్నాను."

నిజమే. ఆ గుడ్డ తాను విప్పినప్పుడు నాకూ లోపల ఏదో కలుక్కుమంది. చదువుకున్న పిల్ల, ఈ కాలం పద్ధతులు దానికే తెలుసులే అనుకున్నాను. భాయ్ తల వంచుకుని, "మాకూ ఆఖర్న ఆ గుడ్డే అమ్మా. నాకు పొద్దున్నే అనిపించింది. మీవాళ్ళు పెళ్ళికి కూడా కడతారేమోలే అని ఊరుకున్నా," అన్నాడు. చూశారా! ఇద్దరికి అనుమానం వచ్చింది, మూడో మనిషి మమ్మల్ని నమ్ముకుంది. పక్కవాళ్ళకి తెలుసులే అని ఎవరికి వాళ్ళం మర్యాదగా నోరు మూసుకున్నాం. మా పనిలో మర్యాద ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

విప్పేద్దామంటే వేరే గుడ్డ లేదు. ఉన్నదంతా పల్లెలో పందిరికి వేలాడుతోంది. పెళ్ళికూతురు దీపాలవేళకి వస్తుంది. మేనత్త మమ్మల్నే చూస్తూ నిలబడి ఉంది. డిజైనర్ ముక్కు తుడుచుకుంటూ ఆవిణ్ణి అడిగింది.

"కానీ నిన్న పీటల మీద మీ అమ్మాయి కట్టుకున్నదీ తెల్ల నూలు చీరే కదండీ? అది ఎందుకు తప్పు కాలేదు?"

మేనత్త, నేను ఒకేసారి అన్నాం. "దానికి పసుపుంది!"

అని, ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

అంతే కదా మరి. కొత్త బట్ట ఏది కట్టుకున్నా ముందు అంచుకి ఇంత పసుపు రాస్తాం. పీటల మీద కట్టే తెల్లబట్టలు పసుపులో అద్దే ఇస్తాం. మధ్యలో ఉన్నది ఆ ఒక్క చిటికెడే. మేనత్త అప్పటికే కొంగు బిగించేసింది.

"వంటశాల ఎటప్పా?"

వంట మేస్త్రి మమ్మల్ని చూసి పసుపు డబ్బా వెనక్కి దాచుకున్నాడు.

"మొత్తం పసుపు మీకిచ్చీత్తే నా పప్పుకి ఏటెయ్యాలమ్మా?"

"తెల్లపప్పు తింటాం. మేమేటి అనం. గుండిగ దించు," అంది మేనత్త.

పెద్ద గుండిగలో వేడినీళ్ళు, అందులో వంటశాల పసుపంతా. బస్సు దిగిన ఆడవాళ్ళు గేటు దగ్గర బిగుసుకుపోయి నిలబడినవాళ్ళు కాస్తా పట్టుచీరలు ఎగ్గట్టి, గుండిగ చుట్టూ చేరిపోయారు. ఒకావిడ కిళ్ళీ స్టాలుకి వెళ్ళి సున్నం డబ్బా పట్టుకొచ్చింది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎరుపు వస్తుంది కదా, ఆ ఎరుపుతో, తెల్ల సున్నంతో కుండల చుట్టూ చారలు, చుక్కలు పెట్టేశారు. ఎండుగడ్డి పూలు పెట్టిన ఆ కుండలు చూస్తుండగానే పెళ్ళింట్లో పెట్టే ఐరేని కుండలు అయిపోయాయి. డిజైనర్ కింద కూర్చుని వాళ్ళ దగ్గర చుక్కలు పెట్టడం నేర్చుకుంటోంది. భాయ్ తాళ్ళు కనబడకుండా వెదుళ్ళకి మామిడాకులు చుట్టిస్తున్నాడు. పెళ్ళికొడుకు తండ్రి అప్పుడే వచ్చి సంగతి విని, "తడి గుడ్డ ఆరబెట్టడం నాకొదిలీయండి," అని ఎక్కడెక్కడి పెడెస్టల్ ఫాన్లూ లాక్కొచ్చి స్టేజీ చుట్టూ నిలబెట్టాడు.

ఒక్క చిక్కు వచ్చింది. నీళ్ళు పీల్చిన గుడ్డ బరువెక్కిపోయింది. పిండడానికి ఆడవాళ్ళ బలం చాలడం లేదు. మేనత్త బస్సు వైపు తిరిగి గొంతెత్తింది.

"అన్నా! మోకాల్లు నొప్పైతే నొప్పెట్టనీ. సేతులికేటయ్యింది? వచ్చి ఈ గుడ్డ పిండు!"

బస్సు కిటికీలో ఆయన తల కనబడింది. మమ్మల్ని ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలీదు. మెల్లగా దిగాడు. గేటు దాటలేదు. గేటు బయటే నిలబడ్డాడు. భాయ్ తడి గుడ్డ ఒక కొస పట్టుకుని, రెండో కొస తెరిచిన గేటులోంచి ఆయన చేతికి అందించాడు. ఆయన ఆ గుడ్డ వైపు చూశాడు. పచ్చగా, పసుపు నీళ్ళు కారుతోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గంజి వాసన లేదనుకుంటాను. చొక్కా చేతులు పైకి మడుచుకుని గట్టిగా మెలితిప్పాడు.

ఇవతల భాయ్, అవతల ఆయన. మెలి తిరిగిన కొద్దీ గుడ్డ పొట్టిగా అవుతుంది, ఇద్దరూ దగ్గరికి రావాలి. ఒక అడుగు భాయ్ వేస్తే ఒక అడుగు ఆయన వేశాడు. అలా వేస్తూ వేస్తూ ఆయన ఎప్పుడు గేటు లోపలికి వచ్చాడో ఆయనకే తెలియదు. మేమంతా చూశాం. మేనత్త మాత్రం కొంగుతో మొహం తుడుచుకుంది, చెమట అన్నట్టు. తర్వాత గుడ్డలన్నీ ఆయనే దగ్గరుండి కట్టించాడు. "అలగ కాదు బావా, కొంచెం కిందకి," అని మా పనివాళ్ళనే అదిలించాడు.

పొద్దు వాలేసరికి స్టేజీ నిలబడింది. గుడ్డ ఒక చోట ముదురు, ఒక చోట లేత, ఒక చోట చారలు. ఏ కేటలాగులోనూ అలాంటి రంగు లేదు. వెండి లాంతర్లు వెలిగిస్తే ఆ పసుపు మీద భలే మెరిశాయి. పెళ్ళికొడుకు తండ్రి నా పక్కన నిలబడి, "సూసారా మేడమ్, రస్టు తీసీడం ఎంత మంచిదయ్యిందో," అన్నాడు. నిజంగానే మంచిదయింది. ఆ మాట ఒప్పుకోవడానికి డిజైనర్‌కి చాలా కాలం పట్టింది.

ఇక మిగిలింది పెళ్ళికూతురు. ఒక్క రంగు కూడా వద్దన్న పిల్ల. కారు దిగింది. ఏనుగుదంతం రంగు చీర, ఆ ఫొటోకి సరిపోయేట్టు కొనుక్కున్నది. స్టేజీ చూసి ఆగిపోయింది, తండ్రి ఆగిన చోటే. డిజైనర్ గోళ్ళు నా చేతిలో దిగాయి. పిల్ల మెల్లగా నడిచి వెళ్ళి గుడ్డ పట్టుకుంది. ఇంకా చెమ్మగా ఉంది. చెయ్యి తీసి చూసుకుంటే వేళ్ళకి పసుపు. వెంటనే తండ్రి చేతుల వైపు చూసింది. మోచేతుల దాకా పసుపే.

"నాన్నా, సేతులకేటా పసుపు?" అంది. ఇంగ్లీషు ఆఫీసులో పనిచేసే పిల్ల నోట ఆ యాస అప్పుడే విన్నాను.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా అని వంటశాలకెల్లాను."

ఉప్పు చూడడానికి వెళ్తే మోచేతుల దాకా పసుపెలా అవుతుందని ఎవరూ అడగలేదు. అమ్మాయి కూడా అడగలేదు. తండ్రి మొహంలోకి ఒకసారి చూసి, వంగి కాళ్ళకి దండం పెట్టింది. ఆయన అలవాటు కొద్దీ భుజం పట్టి లేపాడు. లేపాక చెయ్యి తీసి చూసుకుని, "అయ్యో!" అన్నాడు. ఆ లేత చీర మీద అయిదు వేళ్ళతో సహా పసుపు అచ్చు పడిపోయింది.

ఆడవాళ్ళు తడిగుడ్డ తెమ్మని కేకలు. మేకప్ అమ్మాయి టిష్యూలు పట్టుకుని పరుగు. పెళ్ళికూతురు అందరికీ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీండి," అంది.

అలాగే స్టేజీ ఎక్కింది. తండ్రి పక్కనే నిలబడ్డాడు, నేను ఉంచిన చోట, జంట లేకుండా. నీలం చొక్కా చేతులు మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. ఫొటోలన్నిట్లో ఆ చెయ్యి అచ్చు ఉంది. పప్పు మాత్రం తెల్లగానే వచ్చింది. జనం అదేదో కొత్త వంటకం అనుకుని మళ్ళీ వేయించుకున్నారు.

తర్వాత ఇది చూసినవాళ్ళు పసుపు స్టేజీ కావాలని మా దుకాణానికి వచ్చారు. డిజైనర్ దానికి ఏదో ఇంగ్లీషు పేరు కూడా పెట్టింది. కానీ నా పద్ధతి మాత్రం మారింది. ఆ రోజు నుంచి ఏ పెళ్ళికైనా సామాను అంతా దించాక, కట్టే ముందు, ఇంట్లో పెద్దవాళ్ళని పిలిచి ఒక్కసారి చూడమనేదాన్ని. ఫొటో చూపించేదాన్ని కాదు, సామానే చూపించేదాన్ని. మీరూ అలాగే చెయ్యండి. వాళ్ళ మొహం చూస్తే చాలు, మాట అక్కర్లేదు.

కొన్ని నెలల తర్వాత ఆ పెళ్ళికూతురు ఒక ఫొటో కట్టించి పట్టుకొచ్చింది. మా హాల్లో మీరు చూసేది అదే. టీ తాగుతూ, "ఆ చీర ఏం చేశావమ్మా? మరక పోయిందా?" అని అడిగాను.

"ఉతకలేదు ఆంటీ."

కప్పు కింద పెట్టింది. "మీరంతా నాకు తెల్దనుకున్నారు. ఫొటో చూసి ఎంచినప్పుడు నిజంగా తట్టలేదు. ఆ పసుపు గుడ్డ పట్టుకున్నాక తట్టింది. పసుపు కింద ఏ గుడ్డ ఉందో చేతికి తెలిసిపోయింది. అమ్మకి ఆ రోజు గుడ్డ మడత విప్పింది నేనే."

నేను లేచి వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.

"మరి మీ నాన్నతో ఎందుకు అనలేదమ్మా?"

అమ్మాయి నవ్వింది, కళ్ళు నిండిపోతున్నా.

"నాన్నకి అబద్ధం ఆడటం రాదు ఆంటీ. పుట్టాక మొదటిసారి నాకోసం ఒకటి ఆడాడు. అదీ అంత కష్టపడి, పప్పులో ఉప్పని. ఎలా పాడుచేస్తాను?"